ఏటా ఆరు లక్షలు: ఊరికి కుట్టుమిషన్లు కొనిపెట్టాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది పుత్తూరు దగ్గర పల్లె. నేనిప్పుడు తిరుపతిలో ఉంటూ ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఊళ్లో కలిసి చదువుకున్న పదిమందిమి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. తలా నెలకు ఐదు వేలు వేసుకుంటే ఏడాదికి ఆరు లక్షలవుతుంది. ఆ డబ్బుతో మా ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో పేదరికం తగ్గే పని ఏదైనా చేయాలని మా కోరిక. కానీ ఒక మాట మీదికి రాలేకపోతున్నాం. ఒకరు ఆడవాళ్లకు కుట్టుమిషన్లు అంటారు. ఒకరు పిల్లలకు నోటుబుక్కులు, బ్యాగులు అంటారు. ఇంకొకరు వడ్డీ లేకుండా చిన్న చిన్న అప్పులు ఇద్దామంటారు. ఊరి మొదట్లో ఆర్చి కట్టిద్దామనే వాళ్లూ ఉన్నారు. ఏ పని వల్ల నిజంగా మేలు జరిగిందో పరీక్షించి చూసిన లెక్కలు ఉంటాయట, అవి చూసి నిర్ణయిద్దామని నేనన్నాను. ‘పేదోళ్లేమన్నా ల్యాబులో ఎలుకలా?’ అని ఒకడు కోప్పడ్డాడు. మా చిన్నాయనైతే ‘మీ ఆరు లక్షలతో ఏమవుతుంది? గవర్నమెంటు మారితే తప్ప పేదోడి బతుకు మారదు’ అని కొట్టిపారేశాడు. జూన్‌లోపు ఏదో ఒకటి తేల్చాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు నేను చేయమనేది చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. మీ చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల్లో మూడు, నాలుగు, ఐదు తరగతులకు వచ్చి కూడా తెలుగు వాక్యం చదవలేని పిల్లలు, తీసివేత చేయలేని పిల్లలు ఉంటారు. ఆ ఆరు లక్షల్లో పెద్ద భాగం వాళ్ల కోసం పెట్టండి. పరీక్షించి చూసిన లెక్కల్ని బట్టే నిర్ణయిద్దామన్న మీ పట్టు మంచిది. గ్రూపులో ఎవరు ఏమన్నా దాన్ని వదలొద్దు.

కుట్టుమిషన్లతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరికీ మొదట తట్టేది అదే. మిషన్ ఇచ్చిన ఆర్నెల్లకు వెళ్లి అడిగితే ఆవిడ ‘నెలకు మూడు వేలొస్తున్నాయి’ అంటుంది. మనం సంతోషపడి తిరిగొస్తాం. మరి ఆ మూడు వేలూ మిషన్ తెచ్చినవేనా? మిషన్ లేకపోతే ఆవిడ ఖాళీగా కూర్చునేదా? మీ పుత్తూరు, నగరి, నారాయణవనం వైపు మరమగ్గాలున్నాయి. మామిడి దిగే రోజుల్లో తోటల్లోనూ గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ పని దొరుకుతుంది. శ్రీసిటీ కంపెనీల బస్సులు పల్లెల నుంచి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోతున్నాయి. మిషన్ ముందు కూర్చున్న రోజున ఆవిడ ఈ పనుల్లో ఏదో ఒకటి మానుకునే ఉంటుంది. మానుకున్న పని కూలిని తీసేశాక మిగిలిందే మీ మిషన్ చేసిన మేలు. అది రెండు వేలు కావచ్చు, ఏమీ లేకపోవచ్చు. ‘మనం ఇది చేయకపోయి ఉంటే ఏమయ్యేది?’ అనే ప్రశ్న వేసుకోకుండా ఎవరికి ఏమిచ్చినా, మన మనసు నిండిందా లేదా అన్నదే తెలుస్తుంది. ఆ ఇంటికి ఏం ఒరిగిందో తెలియదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే, మెదక్ జిల్లాలో, ఇలాంటిది జరిగింది. 2000 దశకం చివర్లో ఒక సంస్థ అక్కడి అతి పేద కుటుంబాలకు గేదెల్నో మేకల్నో కొనిచ్చింది. వాటిని పెంచడం నేర్పింది, పొదుపు చేయించింది. పథకం వెళ్లిన ఊళ్లనూ వెళ్లని ఊళ్లనూ ఆర్థికవేత్తలు పక్కపక్కన పెట్టి చూశారు. పశువులు అందిన వాళ్లకు పశువుల మీద వచ్చే ఆదాయం పెరిగింది. కానీ వాళ్లు కూలికి వెళ్లడం తగ్గించారు. అదే సమయంలో ఆ ప్రాంతంలో కూలి రేట్లు బాగా పెరిగాయి. పథకం అందని వాళ్లు ఆ కూలితోనే దాదాపు అంతే సంపాదించుకున్నారు. చివరికి రెండు వైపులా కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. పథకం అందని ఇళ్లను చూడకపోయి ఉంటే, ఆదాయం పెరిగిందని అందరూ చప్పట్లు కొట్టి ఉండేవాళ్లు.

విచిత్రమేమిటంటే, ఇదే తరహా పథకం పశ్చిమ బెంగాల్‌లో ఎంతో బాగా పనిచేసింది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. పశువులు ఇవ్వడం, కొన్నాళ్లు తిండి ఖర్చుకు సాయం చేయడం, వారం వారం ఒక మనిషి ఇంటికొచ్చి ధైర్యం చెప్పి లెక్కలు చూడడం, ఇవన్నీ కలిపి చేస్తారు. ఇథియోపియా, ఘనా, హోండురాస్, ఇండియా, పాకిస్తాన్, పెరూ దేశాల్లో 10 వేలకు పైగా కుటుంబాలతో పరీక్షించిన ఫలితాలు 2015లో వచ్చాయి. చాలాచోట్ల పథకం ముగిసిన ఏడాది తర్వాత కూడా ఆ కుటుంబాల తిండీ ఆదాయమూ మెరుగ్గానే ఉన్నాయి. బెంగాల్‌లోనైతే పదేళ్ల తర్వాత చూసినా ఆ మేలు నిలిచి ఉంది. కాబట్టి ఒకచోట గెలిచిన పథకాన్ని ఇంకోచోటికి మోసుకెళ్లే ముందు, అక్కడ పేదవాళ్లకు ఇప్పటికే ఏయే దారులున్నాయో చూడాలి. వేరే పని దొరకని చోట గేదె బతుకునే మార్చేస్తుంది. కూలి దొరికే చోట అది కూలికి బదులు మాత్రమే అవుతుంది.

అందుకని కుట్టుమిషన్ అసలు వద్దని నేననను. ఇల్లు కదలలేని వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మంచాన పడ్డ అత్తను చూసుకునే కోడలు, పసిబిడ్డతో ఒంటరిగా ఉన్న తల్లి, కాలు సరిగా లేని అమ్మాయి. బస్సెక్కి శ్రీసిటీకి వెళ్లలేని, మండుటెండలో కూలికి వెళ్లలేని ఇలాంటి వాళ్లలో కుట్టుపని వచ్చిన వాళ్లుంటే, వాళ్లకు కొనివ్వండి. అలాంటివాళ్లు మీ ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. ముప్పై మంది ఉండరు.

నోటుబుక్కుల సంగతి ఇంకా స్పష్టంగా తేలిపోయింది, అదీ మన రాష్ట్రంలోనే. 2005 నుంచి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 500 ప్రభుత్వ బడులతో ఒక పెద్ద అధ్యయనం నడిచింది. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేసిన పని అది. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపించారు. కడప జిల్లా బడులూ అందులో ఉన్నాయి. అందులో 100 బడులకు పిల్లల సామాన్ల కోసమని కొంత డబ్బు ఇచ్చారు. ఎక్కువగా నోటుబుక్కులూ రాత సామాగ్రీ కొన్నారు. మొదటి ఏడాది డబ్బు అనుకోకుండా వచ్చింది, పిల్లల మార్కులు కాస్త పెరిగాయి. రెండో ఏడాది ఆ డబ్బు వస్తుందని తల్లిదండ్రులకు ముందే తెలుసు. వాళ్లు తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. బడి కొన్న పుస్తకం ఇంట్లో కొనే పుస్తకానికి బదులైంది, చదువు మాత్రం కదల్లేదు. అందులో తల్లిదండ్రుల తప్పు ఏమీ లేదు, ఆ మిగిలిన డబ్బును ఇంట్లో ఇంకో అవసరానికి వాడుకుని ఉంటారు. ఆ ఇంటికి అదీ మేలే. కానీ మీరు కోరుకున్నది చదువు కదా. పైగా ఇప్పుడు మన ప్రభుత్వ బడుల్లో నోటుబుక్కులు, బ్యాగు, బూట్లు, యూనిఫాం కిట్టుగా ప్రభుత్వమే ఇస్తోంది. మీరు రెండో బ్యాగు ఇస్తే అది అటక మీదికి చేరుతుంది.

అదే అధ్యయనంలో మరో 100 బడులకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్‌ను ఇచ్చారు. ఊళ్లో చదువుకున్న వాళ్లే, జీతం రెగ్యులర్ టీచర్ జీతంలో ఐదో వంతు కూడా ఉండదు. ఆ బడుల్లో పిల్లల లెక్కలూ భాషా రెండూ మెరుగుపడ్డాయి. పుస్తకానికి పెట్టిన రూపాయికీ, పిల్లల పక్కన కూర్చునే మనిషికి పెట్టిన రూపాయికీ తేడా అక్కడే తెలిసింది. మీ నిర్ణయానికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే సంగతి ఇదేనని నా అభిప్రాయం.

వడ్డీ లేని అప్పుల గురించి ఎక్కువ చెప్పను. హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, సగం బస్తీల్లో చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ శాఖ ముందుగా తెరిచి, మిగతా సగంతో పోల్చి చూశారు. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్న వాళ్లు కొందరు దాన్ని పెంచుకున్నారు, ఇంట్లోకి టీవీ, ఫ్రిజ్ లాంటివి కొన్నారు. కానీ పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అప్పు అవసరానికి ఆదుకుంటుంది. అదొక్కటే పేదరికం దాటించడం అరుదు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ‘వెలుగు’ ప్రాజెక్టు 2000లో మొదలైన తొలి జిల్లాల్లోనే వచ్చింది. ఇప్పటికీ జనం మండలంలో ‘వెలుగు ఆఫీసు’ అనే అంటారు. డ్వాక్రా సంఘాలకు బ్యాంకు లింకేజీ అప్పులు అందుతూనే ఉన్నాయి. వాటి పక్కన మీరిచ్చే పది వేల రూపాయల అప్పులు ఆనవు. పైగా వసూలుకు మీరే తిరగాలి. చిన్నప్పటి నుంచీ అత్తా, పిన్నీ అని పిలిచిన వాళ్ల గుమ్మం ముందు బాకీ కోసం నిలబడాల్సి వస్తుంది. ఆ పని పెట్టుకోవద్దు.

ఆర్చి కావాలనుకునేవాళ్లు దానికి వేరే చందా వేసుకోవచ్చు. ఊరి ముచ్చట అది, తప్పేమీ లేదు. ఈ డబ్బులోంచి మాత్రం వద్దు.

‘ల్యాబులో ఎలుకలా?’ అన్న స్నేహితుడి కోపం నాకు అర్థమవుతుంది. పేదవాళ్ల మీద గౌరవంతోనే అతను ఆ మాటన్నాడు. అతనికి మీరు ఇలా చెప్పండి. ఇప్పుడు దేశంలో చాలా పథకాలు ఏ పరీక్షా లేకుండానే పేదవాళ్ల మీదికి వస్తున్నాయి. అవి పనిచేయకపోతే నష్టపోయేది పేదవాడే, కానీ ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. లెక్క రాసుకోవడం వల్ల ప్రయోగం కొత్తగా మొదలవదు, జరుగుతున్నది మనకు కనబడుతుంది, అంతే. ఇక కొందరికి ముందిచ్చి కొందరికి తర్వాత ఇవ్వడం అన్యాయం కదా అంటాడు. ఒకేసారి అందరికీ ఇచ్చేంత డబ్బు మీ దగ్గర లేదు. అప్పుడు ఎవరికి ముందివ్వాలో సర్పంచ్ చుట్టాన్ని చూసి తేల్చడం మేలా, చీటీ వేయడం మేలా? కొండ మీద సుప్రభాత సేవ టికెట్లు తక్కువ, అడిగేవాళ్లు లక్షల్లో. టీటీడీ వాటికి లక్కీ డిప్ తీస్తుంది. రాకపోతే బాధపడతాం గానీ, అన్యాయం జరిగిందని అనుకోం. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఇలాంటి చీటీ మీదే నడుస్తాయి. ముందు వచ్చిన ఊళ్లనూ ఇంకా రాని ఊళ్లనూ పోల్చి చూస్తారు. వెనక పడ్డ ఊళ్లకు చాలాసార్లు తర్వాత వంతు వస్తుంది.

అయితే అతని కోపంలో పట్టించుకోవాల్సిన సంగతీ ఒకటుంది. మేలని ఇప్పటికే తేలినదాన్ని పోల్చి చూడడం కోసమని ఎవరికీ ఆపకూడదు. టీకా వేస్తే బిడ్డ బతుకుతాడని తెలిశాక, వేయకపోతే ఏమవుతుందో చూద్దామనడం పాపం. అక్కడ పరీక్షించాల్సింది వేరే. రాజస్థాన్‌లోని ఉదయపూర్ పల్లెల్లో అలా చేశారు. టీకాలన్నీ పూర్తయిన పిల్లలు అక్కడ వందకు ఆరుగురే ఉండేవారు. నెలనెలా తప్పకుండా ఊళ్లోకే వచ్చే టీకా శిబిరం పెడితే అది 18 అయింది. శిబిరంతో పాటు, వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే భోజనం పళ్లేలు ఇచ్చిన ఊళ్లలో 39 అయింది. కిలో పప్పు కోసం తల్లి వచ్చిందంటే ఆమెకు బిడ్డ మీద ప్రేమ తక్కువని కాదు. ఒక పూట కూలి పోగొట్టుకుని నడిచి రావడం ఎంత భారమో ఆ అంకె చెబుతోంది. పేదవాళ్ల కష్టం ఎక్కడుందో ఇంత వివరంగా చూపించే పనిని నేను గౌరవిస్తాను. ఇలాంటి పనికే 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. బెనర్జీ, డఫ్లో మరొకరితో కలిసి అమెరికాలోని ఎంఐటీలో 2003లో పెట్టిన జె-పాల్ అనే పరిశోధన కేంద్రానికి దక్షిణాసియా విభాగం, మీ జిల్లాలోని శ్రీసిటీలో ఉన్న క్రియా యూనివర్సిటీ వారి ఐఎఫ్‌ఎంఆర్ అనే సంస్థ కింద నడుస్తోంది. వాళ్ల ఫలితాల సారాంశాలు ఉచితంగా చదువుకోవచ్చు. ఇంగ్లీషులో ఉంటాయి, మీ గ్రూపులో చదివి తెలుగులో చెప్పగలిగిన వాళ్లు ఒక్కరున్నా చాలు.

ఇక మీ చిన్నాయన మాట. ఆయన చెప్పింది చాలావరకు నిజం. ప్రపంచ బ్యాంకు కొత్త కొలత ప్రకారం, రోజుకు మూడు డాలర్ల కన్నా తక్కువతో బతికేవాళ్లు 2011-12లో మన దేశంలో నూటికి 27 మంది. 2022-23కి ఐదుగురికి కాస్త పైన. ఇంత పెద్ద మార్పు స్వచ్ఛంద సంస్థల విరాళాలతో రాలేదు. ఉద్యోగాలు, కూలి రేట్లు, రోడ్లు, కరెంటు, రేషన్ బియ్యం, పింఛన్లు, వీటన్నిటితో వచ్చింది. చైనా 1978 తర్వాత, వియత్నాం 1986 తర్వాత, మనం 1991 తర్వాత తీసుకున్న పెద్ద ఆర్థిక నిర్ణయాల్ని ఏ ఊళ్లోనూ చీటీ వేసి పరీక్షించలేం. దేశాల చరిత్రలు పోల్చుకుని, ధరలూ వ్యాపారాలూ చూసుకుని నేర్చుకోవాల్సిందే. ఈ మాట చెప్పే ఆర్థికవేత్తలు ఉన్నారు, వాళ్లది సరైన మాట. శ్రీసిటీ ఒక్కటి సత్యవేడు చుట్టుపక్కల ఇళ్లకు తెచ్చిన జీతాల ముందు మీ ఆరు లక్షలు చాలా చిన్నవి.

కానీ గవర్నమెంటు మారాలంటే ఎటు మారాలో తెలియాలి కదా. ఆయనకు ఈ సంగతి చెప్పండి. 2010 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో కరువు పని (ఉపాధి హామీ) డబ్బులూ పింఛన్లూ వేలిముద్ర కార్డు మీద ఇవ్వడం మొదలుపెట్టారు. ఎనిమిది జిల్లాల్లో 157 మండలాల్లో ఏది ముందు, ఏది తర్వాత అన్నది చీటీ పద్ధతిలో తేల్చారు. ఆ మండలాల్లో ఉన్నది 1.9 కోట్ల మంది. మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఆ ఫలితాల్ని లెక్కగట్టారు. కార్డు వచ్చిన చోట కరువు పని కూలి త్వరగా చేతికొచ్చింది, మధ్యలో మాయమయ్యే డబ్బు దాదాపు 41 శాతం తగ్గింది. కింది నుంచి కొత్త పద్ధతి మీద ఫిర్యాదులు వచ్చాయి, ఆపేయాలన్న ఆలోచన కూడా వచ్చింది. అయితే డబ్బు తీసుకునే వాళ్లనే అడిగితే పదిమందిలో తొమ్మిది మంది కొత్తదే మేలన్నారు. ఆ పద్ధతి నిలబడడానికి ఆ లెక్క సాయపడింది.

ఇందులో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది తర్వాతి ఫలితం. ఆ మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం సుమారు 13 శాతం పెరిగింది. ఆ పెరిగినదాంట్లో పదింట తొమ్మిది వంతులు కరువు పని కూలి కానే కాదు, రైతుల దగ్గరా బయటా చేసే మామూలు కూలిలో వచ్చింది. కరువు పని సక్రమంగా నడిచి డబ్బు చేతికి అందుతుంటే, కూలివాళ్లు తక్కువ కూలికి ఒప్పుకోరు. రైతు రేటు పెంచక తప్పదు. చితికిపోయిన చిన్న రైతుకు ఇది భారమే, ఆ మాట కూడా చెప్పాలి. అయినా రేట్లు పెరిగాక బయట పనులు తగ్గిపోలేదు. ఒక ప్రభుత్వ పథకాన్ని సరిగ్గా నడిపితే దాని గోడలు దాటి ఎంత మేలు పోతుందో లెక్కగట్టి ఉండకపోతే ఎవరికీ తెలిసేది కాదు. గవర్నమెంటును మార్చడానికి మీ చిన్నాయన చేతికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది? గ్రామసభ పెట్టిన రోజున, సోషల్ ఆడిట్ వాళ్లు వచ్చిన రోజున ఆయన వెళ్లి కూర్చుని, ఎవరికి ఎన్ని రోజుల డబ్బు పడలేదో చదివించమనండి. దానికి మీ ఆరు లక్షలూ అక్కర్లేదు.

ఇప్పుడు మీ పని. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ 2005 నుంచి తీస్తున్న ‘అసర్’ సర్వే 2024 లెక్క ప్రకారం, దేశంలో పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లలు వందమందిలో 23 మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. మిగతా వాళ్లు బడికి రావట్లేదనుకోకండి, వస్తున్నారు, కూర్చుంటున్నారు. టీచరు ఐదో తరగతి పాఠం చెబుతుంటే అక్షరాల దగ్గరే ఆగిపోయిన పిల్లవాడికి అందులో ఏమీ అందదు. ఏడాది ఏడాదికీ ఇంకా వెనకబడతాడు. పదో తరగతి తప్పి, చెన్నైకో బెంగుళూరుకో పనికి వెళ్తాడు.

దీనికి విరుగుడు ప్రథమ్ వాళ్లు కనిపెట్టారు. తరగతిని పక్కనపెట్టి, పిల్లవాడు ఎక్కడున్నాడో అక్కడి నుంచి చెప్పడం. అక్షరాలు రానివాళ్లంతా ఒక గుంపు, పదాలు చదివేవాళ్లు ఒక గుంపు, వాక్యాలు చదివేవాళ్లు ఒక గుంపు. 2000ల మొదట్లో ముంబైలో, వడోదరలో ఆ పేటలోనే చదువుకున్న ఒక అమ్మాయి వెనకబడిన పిల్లల్ని రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి చెప్పేది. ఆ బడుల్లో మార్కులు గట్టిగా పెరిగాయి.

కానీ ఇదే పని చేస్తూ ఒకచోట దెబ్బతిన్నారు, అది మీరు తప్పకుండా తెలుసుకోవాలి. 2005-06లో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఊరి యువకులు బడి అయ్యాక చదివించే తరగతులు పెట్టారు. వచ్చిన పిల్లలు బ్రహ్మాండంగా నేర్చుకున్నారు. కానీ వచ్చింది వందకు ఎనిమిది మందే. చదువు అవసరమైన పిల్లల్లో ఎక్కువమంది ఆ ఛాయలకే రాలేదు. ఊరి మీటింగులు పెట్టి బడి పరిస్థితి చెప్పినా ఏమీ మారలేదు. తర్వాత హర్యానాలో, 2013-14లో మళ్లీ ఉత్తరప్రదేశ్‌లో, బడి గంటల్లోనే, బడిలోనే, రోజులో కొంత సమయాన్ని దీనికే కేటాయించి నడిపారు. అప్పుడు ఫలితం వచ్చింది. కాబట్టి సాయంత్రం ట్యూషన్ పెట్టకండి. గుడి మంటపం దగ్గర, కమ్యూనిటీ హాల్లో పెడదామనే సలహా మీ గ్రూపులో తప్పకుండా వస్తుంది, ఒప్పుకోవద్దు. హెచ్‌ఎం దగ్గరకు వెళ్లి రోజుకు రెండు గంటలు అడగండి. ఎంఈఓ నుంచి అనుమతి కాగితం తీసుకోండి, తల్లిదండ్రుల కమిటీని కూర్చోబెట్టి చెప్పండి. కొందరు హెచ్‌ఎంలు సిలబస్ పూర్తి కాదంటారు. అక్కడ బతిమాలకుండా పక్క ఊరి బడికి వెళ్లండి, ఒప్పుకునే వాళ్లు దొరుకుతారు.

డిగ్రీ చదివి, ఇంటి పరిస్థితుల వల్ల ఊరు దాటలేక ఉండిపోయిన అమ్మాయిలు మీ పల్లెల్లో ఉంటారు. వాళ్లను తీసుకోండి. నెలకు ఏడు వేల చొప్పున పది నెలలు, ఆరు ఊళ్లకు నాలుగు లక్షల ఇరవై వేలు అవుతుంది. మిగతా లక్షా ఎనభై వేలలో వాళ్లకు శిక్షణ, కథల పుస్తకాలు, పలకలు, రెండు కుట్టుమిషన్లు పోను కొంత చేతిలో ఉంచుకోండి. ఏ పిల్లవాడి ఇంట్లోనో తండ్రి ప్రమాదంలో పడితే, ఆ ఇంటి నుంచి బడి మానకుండా చూసుకోవడానికి అక్కరకొస్తుంది. ఎంపికలో చుట్టరికం రానివ్వకండి. ఒక పేజీ చదివించి, ఒక చిన్న పిల్లకు ఐదు నిమిషాలు చెప్పించి చూస్తే చాలు, ఎవరు పనికొస్తారో తెలిసిపోతుంది. జీతం ప్రతినెలా ఒకటో తేదీనే అకౌంట్లో పడాలి. ఆ అమ్మాయికి ఆ డబ్బు ఎంత ముఖ్యమో మీరు నెలనెలా గుర్తుంచుకోవాలి.

మీరు అధ్యయనం చేయాల్సిన పని లేదు. ఆరు బడులతో ఏదీ రుజువు కాదు, రుజువు ఇప్పటికే వందల బడుల్లో అయింది. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే, ఆ పని మీ ఊళ్లో నిజంగా జరుగుతోందా లేదా అని. జూన్‌లో బడి తెరవగానే మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. అసర్ వాళ్ల తెలుగు పరీక్ష కాగితం ఒక్క పేజీ ఉంటుంది: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ. ఎవరు ఎక్కడ ఆగారో నోటుబుక్కులో రాసుకోండి. అదే కాగితంతో సెప్టెంబర్‌లో, డిసెంబర్‌లో, మార్చిలో మళ్లీ చూడండి. చదివించే అమ్మాయి చేత కాకుండా, మీ పదిమందిలో ఎవరైనా వెళ్లి చూడాలి. తిరుపతి నుంచి పుత్తూరుకు పొద్దున బయల్దేరి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మీరు అకౌంట్స్ చూసే మనిషి, నాలుగు గడుల పట్టిక వేయడం మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లల పేర్లు గ్రూపులో పెట్టకండి, అంకెలు మాత్రమే పెట్టండి. చదవడం రానివాడని ఊరంతా తెలిస్తే ఆ పిల్లవాడు బడి మానేస్తాడు.

పన్నెండు బడులు ఒప్పుకుని, డబ్బు ఆరింటికే సరిపోతే, హెచ్‌ఎంలందరి ముందు చీటీలు తీయండి. మిగతా ఆరింటికి వచ్చే ఏడాది అని అక్కడే చెప్పేయండి. ఆ బడుల్లో కూడా జూన్‌లో, మార్చిలో పిల్లల చేత చదివించి చూడగలిగితే మంచిది, మీకొక పోలిక ఉంటుంది. వీలుకాకపోతే బాధపడొద్దు.

డిసెంబర్‌కి ఏదైనా బడిలో అంకెలు కదలకపోతే, ముందు హాజరు చూడండి. రెండు గంటలూ నిజంగా ఇస్తున్నారా, ఆ అమ్మాయిని రికార్డులు రాయడానికి కూర్చోబెడుతున్నారా కనుక్కోండి. చాలాసార్లు సమస్య అక్కడే ఉంటుంది. సరిదిద్దాక కూడా మార్చికి కదలకపోతే ఆ బడిలో ఆపేసి, చీటీలో తర్వాత పేరున్న బడికి ఆ డబ్బు ఇవ్వండి. ఆ మాట హెచ్‌ఎంకూ, చదివించిన అమ్మాయికీ మీరే స్వయంగా వెళ్లి చెప్పండి. ఆ అమ్మాయి బాగా చెప్పే మనిషైతే కొత్త బడికి ఆమెనే తీసుకెళ్లండి.